పై అంతస్తు అనుమతి కోసం తిరిగిన రెండు ప్లాన్ ఆఫీసులు

ఖిలా వరంగల్ మట్టికోటకు బయటి వైపున మా నాన్నగారు 1996లో కట్టించిన ఇంటిపై ఒక అంతస్తు వేసుకోవాలని, కింది ఇంటి గచ్చు, పాయిఖానా, కరెంటు వైరింగు మార్పించాలని 2023 వేసవిలో అనుకున్నాము. నేను ఉద్యోగరీత్యా గోదావరిఖనిలో ఉంటాను కనుక అనుమతి పని మొత్తం చూసిపెట్టే మనిషి కావలసి వచ్చి, హనుమకొండలో రెండు చోట్ల ప్రయత్నించాము. మొదటి చోట నెల రోజులు, అయిదు వేల రూపాయలు పోయాయి. రెండో చోట పని పూర్తయింది. ఆ ఇంట్లోకి మారి కూడా ఏడాది దాటింది. ఇల్లు పెంచుకోదలచినవారికి ప్రభుత్వ వెబ్‌సైటు కంటే ముందు ఎదురయ్యేది ఇంటి ప్లాను గీసి అనుమతికి దరఖాస్తు పెట్టించే ఈ ప్లాన్ ఆఫీసులే కనుక, వాటి పనితీరు ఎలా ఉంటుందో కొంత వివరంగా రాస్తున్నాను.

మొదటి ఆఫీసు చూడటానికి గొప్పగా ఉంది. అద్దాల తలుపు, ఏసీ, గోడకు పెద్ద తెర, దానిమీద తిరుగుతున్న రంగురంగుల ఇళ్ల బొమ్మలు. మేము కూర్చున్న పావుగంటలోనే కుర్రవాడొకడు మా ఇంటికి ముందుభాగం ఎలా ఉండాలో గీసి చూపించాడు. యజమాని మా నాన్నగారితో, "మీరేం రంది పెట్టుకోకుండ్రి సారూ, అంతా మేమే చూసుకుంటం, పర్మిషన్ అంటే ఇప్పుడు ఒక్క రోజు పని" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే అది నమ్మించగలిగింది. ఇళ్ల అనుమతులు ఆన్‌లైనులో ఇవ్వడానికి తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు మించని ఇంటికి అనుమతే అక్కరలేదు, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. ఆపైన 600 గజాల వరకు, పది మీటర్ల ఎత్తు వరకు యజమాని ఇచ్చే స్వీయ ధ్రువీకరణ మీదనే అనుమతి వెంటనే వస్తుంది. అంతకు మించిన కట్టడాలకు మాత్రమే 21 రోజుల గడువుతో ఏకగవాక్ష పద్ధతి, అంటే అన్ని శాఖల అనుమతులూ ఒకే చోట ఇచ్చే పద్ధతి ఉంది. మా దస్తావేజులో ఉన్నది 160 గజాలు. రెండో తరగతిలోకి వస్తాము, ఒక రోజు పనే.

అయితే ఆ ఒక్క రోజు పనిలో సంతకం ఎవరిది, బాధ్యత ఎవరిది అన్న సంగతి ఆ ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. స్వీయ ధ్రువీకరణ అంటే అధికారి ముందుగా పరిశీలించి ఇచ్చే అనుమతి కాదు. మేము చెప్పినదంతా నిజమని మేమే రాసి ఇస్తున్నామన్న మాట. అనుమతి వచ్చిన తరువాత 21 రోజులలోపు పురపాలక సిబ్బంది వచ్చి స్థలాన్ని సరిచూస్తారు. రాసి ఇచ్చినది తప్పని తేలితే అనుమతి రద్దవుతుంది, కట్టినదాన్ని నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది. ఆ సంతకం మా నాన్నగారిది అయ్యేది, ఆఫీసు యజమానిది కాదు.

వాళ్లు మా నుంచి అడిగినవి మూడే: దస్తావేజు నకలు, ఆధార్ నకలు, అయిదు వేల బయానా. మొత్తం రుసుము నలభై అయిదు వేలు, "అన్నీ కలిపి" అన్నారు. ఆ అన్నీ ఏమిటని విడగొట్టి అడిగితే, కింది ఇంటి గచ్చు మార్చడానికి, రంగులు వేయడానికి కూడా "రిపేర్ పర్మిషన్" పేరిట ఎనిమిది వేలు చూపించారు. జాతీయ భవన నియమావళిలో కట్టడపు నిర్మాణాన్ని తాకని పనులకు పురపాలక అనుమతి అవసరం లేదని స్పష్టంగా ఉంది: సున్నం, రంగులు, గచ్చు మార్పు, ప్లాస్టరింగు, లోపలి అడ్డుగోడ, గదుల మధ్య దర్వాజ, సొంత స్థలంలోకి వచ్చే సజ్జ వంటివన్నీ ఆ జాబితాలోవే. మా ఇంటి విషయంలో దీనికి ఒక మెలిక ఉందని తరువాత తెలిసింది, కానీ ఆ మెలిక ఈ ఆఫీసువాళ్లకు తెలిసి ఎనిమిది వేలు అడగలేదు.

స్థలం కొలవడానికి ఎవరూ రాలేదు. నెల తరువాత వచ్చిన ప్లానులో మా ఇల్లు నలుచదరంగా, నాలుగు వైపులా చక్కని ఖాళీతో ఉంది. నిజానికి మా వెనుక పాయిఖానా గోడ పక్కింటి ప్రహరీకి ఆనుకునే ఉంది. పైన రెండో అంతస్తులో మేము అడగని ఒక గది కూడా చేరింది. "ఎట్లాగూ పది మీటర్ల దాకా వస్తది కదా, ఉండనీయుండ్రి" అని సమాధానం. ఆ గది ఎంత ఖరీదైనదో రెండో చోటికి వెళ్లేదాకా మాకు తెలియదు. రెండు వందల చదరపు మీటర్ల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు మించకుండా కట్టుకునే సొంత ఇంటికి, కట్టబోయే విస్తీర్ణంలో పది శాతాన్ని పురపాలక సంఘానికి తనఖా రాసి ఇవ్వాలన్న నిబంధన వర్తించదు. ఆ గది వల్ల ఎత్తు ఏడు మీటర్లు దాటి, రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లి తనఖా చేయించి, ఇల్లయ్యాక మళ్లీ విడిపించుకోవలసి వచ్చేది. అడగని గదికి ఇంత శ్రమ.

బయానా తిరిగి అడిగితే డ్రాయింగు ఖర్చు అన్నారు. మేమూ పట్టుబట్టలేదు.

రెండో మనిషిని మా మేస్త్రీ చెప్పాడు. పదవీ విరమణ చేసిన ఇంజనీరు, లైసెన్సు ఉంది, బోర్డు లేదు. ఇంటి ముందు గదిలోనే ఒక బల్ల, ఒక కంప్యూటరు, గోడకు దేవుడి క్యాలెండరు. ఆయన బొమ్మ గీయలేదు. "తమ్ముడూ, గీతలు తర్వాత గీస్తం, ముందు కాగితాలు తియ్యి" అని నాతో అని, మా నాన్నగారి వైపు తిరిగి, "అన్నా, మీ ఇంటి నుంచి మట్టికోట కట్ట ఎంత దూరం ఉంటది?" అని అడిగారు. మొదటి ఆఫీసులో నెల రోజులలో ఎవరూ అడగని ప్రశ్న అది.

వరంగల్ కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. 2010లో సవరించిన పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత హద్దు నుంచి వంద మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషేధిత ప్రాంతంలో కొత్త కట్టడం కుదరదు. 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న ఇళ్లకు మరమ్మతు వరకు అనుమతి అడగవచ్చు. నియంత్రిత ప్రాంతంలో కట్టుకోవచ్చు కానీ, పురపాలక అనుమతి కంటే ముందు జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ సిఫారసుతో వచ్చే నిరభ్యంతర పత్రం కావాలి. హనుమకొండ వేయి స్తంభాల గుడి చుట్టుపక్కల ఉన్నవారికీ ఇదే లెక్క. కోట విషయంలో చిక్కు ఏమిటంటే, గుడికి ఒక ప్రహరీ ఉంటుంది, కొలత అక్కడి నుంచి మొదలవుతుంది. కోటకేమో తోరణాలు, రాతికోట, ఆపైన మట్టికట్ట అన్నీ కలిసి ఊరిని చుట్టుకుని ఉన్నాయి. శిలాతోరణాలకు మేము చాలా దూరంలో ఉన్నామనుకుని ఇన్నేళ్లూ ఆ ఊసే ఎత్తుకోలేదు. మట్టికట్ట నుంచి కొలిస్తే మా ఇల్లు దాదాపు 230 మీటర్లలో తేలింది.

ఇక్కడే నేను పైన చెప్పిన మెలిక ఉంది. గచ్చు, ప్లాస్టరింగు వంటి వాటికి పురపాలక సంఘం నుంచి అనుమతి అక్కరలేకపోయినా, పురాతన కట్టడాల చట్టం నియంత్రిత ప్రాంతంలోని ఇంటి మరమ్మతుకు కూడా దరఖాస్తు చేసుకోవాలంటుంది. అందుకని ఆయన పై అంతస్తునూ, కింది ఇంటి మరమ్మతులనూ ఒకే దరఖాస్తులో పెట్టించారు. వేరుగా ఎనిమిది వేలు ఎవరికీ ఇవ్వలేదు. దరఖాస్తుకు ఉపగ్రహ చిత్రం మీద దూరం గుర్తించిన పటం, ఇంటి నాలుగు వైపుల ఫొటోలు, కట్టబోయే ఎత్తు చూపే డ్రాయింగు, యాజమాన్య పత్రాలు జతచేశాము. చట్టంలో దీనికి గడువులు ఉన్నాయి: దరఖాస్తు అందిన పదిహేను రోజులలో ప్రాధికార సంస్థకు పంపాలి, వారు రెండు నెలలలో అభిప్రాయం చెప్పాలి, ఆ తరువాత నెలలోపు అనుమతో తిరస్కారమో రావాలి. మాకు ఇంచుమించు ఆ మూడున్నర నెలలే పట్టాయి. ఒక్క రోజులో వచ్చే అనుమతికి ముందు మూడున్నర నెలల నిరీక్షణ ఉందని ముందే తెలిసి ఉంటే, సెంట్రింగు మనిషికి దసరాకు ముందే అడ్వాన్సు ఇచ్చేవాళ్లం కాదు. అది మా తొందర, ఇంజనీరు తప్పు కాదు.

ఆ మూడున్నర నెలలూ ఆయన ఊరికే ఉండలేదు. ముందుగా స్వయంగా వచ్చి టేపు పట్టి స్థలం కొలిచారు. దస్తావేజులో 160 గజాలు ఉండగా భూమ్మీద 152 తేలింది. మా నాన్నగారికి ఆ ఎనిమిది గజాలు ఎటు పోయాయన్న బాధ ఇప్పటికీ ఉంది కానీ, దస్తావేజు, భూమి ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే ప్లానులో చూపాలని ఆయన గట్టిగా చెప్పారు. 152 గజాలంటే దాదాపు 127 చదరపు మీటర్లు. 2012 నాటి భవన నియమాలలో వంద నుంచి రెండు వందల చదరపు మీటర్ల స్థలానికి ముందు ఒకటిన్నర మీటర్లు, మిగతా వైపుల ఒక్కో మీటరు ఖాళీ వదలాలి. ముందు, పక్కల మాకు సరిపోయింది. వెనుక పాయిఖానా మాత్రం ఆ ఒక్క మీటరులోనే కూర్చుని ఉంది.

1996 నాటి పాత అనుమతి ప్లాను ఉందా అని ఆయన అడిగిన రోజు మా ఇంట్లో ట్రంకు పెట్టెలన్నీ బయటికి వచ్చాయి. చివరకు అది మా అమ్మ పెళ్లి పట్టుచీర మడతలో దొరికింది. ఆ ప్లానులో పాయిఖానా ఇంటి లోపల, మెట్ల కింద ఉంది. కట్టేటప్పుడు వాస్తు చెప్పినాయన మాట విని మా నాన్నగారే వెనక్కి జరిపించారట. ఇంజనీరు నవ్వి, "అన్నా, అప్పటి ప్లాను ప్రకారమే మళ్లీ లోపలికి తెచ్చుకుందాం, ఎట్లాగూ పాయిఖానా మార్పిస్తున్నరు గదా" అన్నారు. దానిని వెనుకే ఉంచేసి, పాత ప్లానులో లాగా లోపల ఉన్నట్టు చూపించి పై అంతస్తు గీసి ఉంటే స్వీయ ధ్రువీకరణ పత్రంలో మొదటి అబద్ధం అదే అయ్యేది. పాత కట్టడంపై అంతస్తు వేయదలచినవారికి పాత అనుమతి కాగితం ఎంత ముఖ్యమో మాకు ఆ చీర మడతలో తెలిసింది.

ఇంకా రెండు ప్రశ్నలు నాకు బాగా గుర్తున్నాయి. మొదటిది, "2020 ఆగస్టు వానలకు నీళ్లు మీ గడప ఎక్కినయా?" అన్నది. ఆ ఏడు హనుమకొండ, వరంగల్ కాలనీలు ఎలా మునిగాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. 2023 జూలైలో మళ్లీ అదే జరిగింది. ఆయన అడిగింది సానుభూతితో కాదు. దగ్గరలో నాలా ఉంటే దాని వెడల్పును బట్టి రెండు మీటర్లో తొమ్మిది మీటర్లో వదలాలి, పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే పూర్తి నీటిమట్టపు హద్దు నుంచి ముప్పై మీటర్లు వదలాలి. మా వీధిలో నీళ్లు నిలిచాయి కానీ నాలా లేదు. ఆ విషయం రూఢి చేసుకున్నాకనే ముందుకు వెళ్లారు. రెండోది, పునాది గురించి. మా ఇల్లు పిల్లర్ల మీద కాదు, ఇటుక గోడల మీద నిలిచిన స్లాబు. ఒక మూల తవ్వించి పునాది లోతు, వెడల్పు చూసి, స్ట్రక్చరల్ ఇంజనీరు ఒకరి చేత లెక్కలు వేయించి, రెండు చోట్ల కొత్త పిల్లర్లు వేయాలన్నారు. దానికి మాకు అనుకోని ఖర్చు వచ్చింది, మా నాన్నగారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. నా దృష్టిలో మాత్రం మొత్తం వ్యవహారంలో బాగా ఖర్చయిన డబ్బు అదే.

నిరభ్యంతర పత్రం వచ్చాక మిగిలినది నిజంగానే ఒక రోజు పని. ఆయన తన కంప్యూటరు ముందు మా నాన్నగారిని కూర్చోబెట్టి, స్వీయ ధ్రువీకరణలోని ఒక్కొక్క వాక్యాన్ని తెలుగులో చదివి వినిపించి, "ఇది నిజమేనా అన్నా?" అని అడిగి, అవునన్నాకనే తరువాతి దానికి వెళ్లారు. దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందటి దస్తావేజులు), ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం), పాత ప్లాను, ఇంటి పన్ను రసీదు, నిరభ్యంతర పత్రం అన్నీ ఎక్కించారు. ప్రభుత్వానికి కట్టవలసిన రుసుములు నా కార్డుతోనే కట్టించి రసీదు నాకే ఇచ్చారు. తన రుసుము పద్దెనిమిది వేలు వేరుగా, రెండు విడతలుగా తీసుకున్నారు. అప్పటి నియమం ప్రకారం సొంత ఇంటికి కట్టుబడి ఖర్చు పది లక్షలు దాటితే ఒక శాతం కార్మిక సెస్సు ఉంటుందని, దానిని తన ఖర్చులో కలపలేదని ముందే కాగితం మీద రాసిచ్చారు. మొదటి ఆఫీసువారి "అన్నీ కలిపి"లో ఇవేవీ లేవని పోల్చి చూస్తే తెలిసింది.

అనుమతి అదే రోజు సాయంత్రం వచ్చింది. రెండు వారాలకు తనిఖీకి వచ్చిన సిబ్బంది టేపు పట్టి వెనుక మీటరు ఖాళీ, ముందు ఒకటిన్నర మీటర్లు చూసుకుని, ఫొటోలు తీసుకుని, చాయ్ వద్దని వెళ్లిపోయారు. మాకు వారితో మరో పని పడలేదు.

లోపాలు కూడా చెప్పాలి. ఆయన మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి వరకు ఫోను ఎత్తరు. వాట్సాప్ సందేశం చదివినట్టు నీలం గీతలు వస్తాయి, జవాబు మాత్రం మరునాటికి. ఇంటి ముందుభాగం అందంగా రావాలంటే ఆయన మీద ఆశ పెట్టుకోవద్దు. మా బాల్కనీ పిట్టగోడ బ్యాంకు ఆఫీసులా ఉందని మా చెల్లెలు ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. మెట్ల మలుపు కూడా కాస్త ఇరుకై, పై గదికి బీరువా ఎక్కించడానికి తాళ్లు కట్టవలసి వచ్చింది. కొలతలు నియమాలకు సరిపోతే చాలనుకునే మనిషి ఆయన. అందులో ఉండేవాళ్ల సామాను గురించి మనమే గుర్తు చేయాలి.

మేము దరఖాస్తు పెట్టింది టీఎస్ బీపాస్ ద్వారా. 2025లో దాని స్థానంలో బిల్డ్‌నౌ అనే కొత్త ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది. డ్రాయింగును సాఫ్ట్‌వేరే నియమాలతో పోల్చి తప్పులు పట్టుకుంటుంది. ఖాళీ మీటరు చాలకపోతే అది చెప్పగలదు కానీ, ప్లానులో గీయని పాయిఖానాను అది చూడలేదు కనుక, టేపు పట్టుకుని ఇంటికి వచ్చే మనిషి అవసరం తీరలేదని నా అభిప్రాయం. నిరుడు మా బంధువులు కరీంనగర్ రోడ్డు వైపు ఒక ప్లాటు మీద ఇల్లు కట్టుకోవడానికి ఈయన దగ్గరికే వెళితే, లేఅవుటుకు అనుమతి లేదని మొదటి రోజే తేల్చి, ముందు ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధీకరించే పథకం) సంగతి చూసుకుని రమ్మని వెనక్కి పంపారట. రుసుము తీసుకోలేదు. వాళ్లకు కోపం వచ్చింది.

ఆయనకు అయిదులో నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఒకటి బాల్కనీకి, మెట్లకు. మొదటి ఆఫీసుకు ఒకటి, అదీ ఏసీ బాగా పనిచేస్తున్నందుకు. ఇల్లు పూర్తయ్యాక నివాస యోగ్యతా పత్రం, అదే మనం ఓసీ అనేది, అది కూడా ఆయనే పెట్టించారు. అది లేకపోతే నీటి కనెక్షన్ దగ్గర చిక్కు వస్తుంది. పూర్తిగా అనుమతి లేకుండా కట్టిన ఇంటికైతే ఇంటి పన్నుకు తోడు అంతే మొత్తం జరిమానాగా ఏటా పడుతుంది. మా పన్ను కొత్త అంతస్తుతో పెరిగిందే తప్ప జరిమానా గడి ఖాళీగానే వచ్చింది. ఆయన దగ్గరికి వెళ్లేవాళ్లు ఉదయం పదకొండుకు ముందే, నకళ్లు కాకుండా అసలు కాగితాలతో వెళ్లాలి. పాత ప్లాను దొరకకపోతే ముందు ఇంట్లో చీరల మడతలు వెతుక్కుని వెళ్లడం మంచిది.